చెప్పు ఏది? చెప్పు!: మీ పిల్లల కథను మీరే రాసి, కుట్టి, చదివించడం ఎలా

మా వాడి నాలుగో పుట్టినరోజుకి ఎవరో ఒక పుస్తకం ఇచ్చారు. ఆన్‌లైన్‌లో పిల్లాడి పేరు, జుట్టు రంగు, ఒంటి ఛాయ నింపితే అచ్చువేసి పంపేరకం. మంచి కాగితం, గట్టి అట్ట, పేజీ పేజీకీ వాడి పేరు. అందులో వాడు గుర్రమెక్కి అడవికెళ్ళి సింహంతో స్నేహం చేస్తాడు. మా వాడు మొదటి రోజు పేరు చూసి మురిసిపోయాడు. రెండోసారి తీస్తే, "ఈ అబ్బాయి నేను కాదు, నాకు గుర్రం లేదు" అన్నాడు. ఆ పుస్తకం ఇప్పటికీ కొత్తగానే ఉంది.

తర్వాత నెలకి, నాలుగు తెల్లకాగితాలు మడిచి, స్కెచ్ పెన్నుతో నేను గీకిన పుస్తకం మాత్రం మూడుసార్లు చిరిగింది, మూడుసార్లూ టేపు వేశాం. అది వాడి చెప్పు పోయిన కథ.

పేరుకి బలం లేదనను. నాలుగున్నర నెలల పసివాళ్ళు కూడా వేరే పేర్లకంటే తమ పేరు వినడానికే ఎక్కువ మొగ్గుతారని 1995లో అచ్చయిన ఒక పరిశోధన చూపించింది. కానీ పేరు గుమ్మం దాకానే తీసుకొస్తుంది. లోపల ఆ పిల్లాడికి తెలిసిన సంగతి, ఆ ఇంట్లో వినపడే మాట ఉండాలి. అలాంటి పుస్తకం ఇంట్లో తయారుచేయడం గురించే ఈ వ్యాసం. మూడు నుంచి ఏడేళ్ళ పిల్లలకి పనికొస్తుంది. బొమ్మలు వేయడం రాకపోయినా ఫరవాలేదు, నాకూ రాదు.

ముందు ఒక వారం వినండి

రాయడానికి కూర్చోకండి. ఒక చిన్న నోట్‌బుక్ వంటింట్లో పెట్టుకోండి, లేదా ఫోన్‌లో నోట్ తెరవండి. వారం రోజుల పాటు పిల్లాడు పదేపదే చెప్పే సంగతులు, ఎవరొచ్చినా ముందు వాళ్ళకి చెప్పే వార్త, వాడు సొంతంగా పుట్టించిన మాటలు, అన్నీ వాడు అన్నట్టే రాయండి. దిద్దకండి. మా వాడు ఫ్యాన్‌ని "గాలిచక్రం" అనేవాడు. అలాంటి మాట మీ కథలో ఒకటి పడితే చాలు, ఆ పేజీ దగ్గర పిల్లాడు ఆగుతాడు.

న్యూజిలాండ్‌లో మావోరీ పిల్లలకి చదువు చెప్పిన సిల్వియా ఆష్టన్-వార్నర్ అనే టీచరు ఇదే పని బడిలో చేసింది. ప్రతి పిల్లనీ దగ్గరికి పిలిచి "నీకు ఏ మాట కావాలి?" అని అడిగేది. వాళ్ళు చెప్పిన మాటను కార్డు మీద రాసి చేతికిచ్చేది. వాచకంలో ఉన్న ముద్దు ముద్దు మాటలు నెలల తరబడి పట్టుబడని పిల్లలకి "దయ్యం", "ముద్దు" లాంటి మాటలు ఒక్క చూపుకే వచ్చేసేవట. భయం, ప్రేమ ఉన్న మాటలు కదా మరి.

మనకీ ఒక పెద్దాయన ఉన్నాడు. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్నప్పుడు సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం వాళ్ళ భాషలోనే వాచకాలు, కథలు, పాటలు సిద్ధం చేశాడు. ఇంట్లో వినపడని భాషలో అక్షరాలు నేర్పడం ఎంత కష్టమో ఆయనకి నూటపాతికేళ్ళ కిందటే తెలుసు. ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటూ, మన పిల్లలకి మాత్రం "బాలుడు ఫలమును భుజించెను" అని రాసిస్తే ఏం లాభం?

కాబట్టి మీ ఇంటి తెలుగే రాయండి. మీ ఇంట్లో "ఏడుంది?" అంటే అదే, "యాడుంది?" అంటే అదే. "తెల్వదు" అనే ఇంట్లో "తెలియదు" అని రాస్తే పిల్లాడు రెండు పనులు చేయాలి: ముందు అక్షరాలు కూడబలుక్కోవాలి, తర్వాత ఆ మాటను తనకు తెలిసిన మాటలోకి మార్చుకోవాలి. అమ్మమ్మ, నానమ్మ, అవ్వ, జేజి, బాపు, ఏ పిలుపు పిలిస్తే ఆ పిలుపే కథలో ఉండాలి. ప్రామాణిక భాష బడి పుస్తకాల్లో ఎలాగూ వస్తుంది.

ఒక్క సంఘటన, ఒక్క చిక్కు

వారం తర్వాత నోట్‌బుక్ తిరగేస్తే కథ దానంతటదే కనిపిస్తుంది. ఏదో పోవడం, దొరకడం. ఎవరో రావడం, వెళ్ళిపోవడం. కరెంటు పోయిన రాత్రి. బస్సులో వాంతి (పిల్లలకి ఇది మహా ఇష్టమైన సబ్జెక్టు). చెల్లి పుట్టిన రోజు. పన్ను ఊడిన రోజు. మన కళ్ళకి చాలా చిన్న విషయం కావాలి. "మా తిరుపతి యాత్ర" అని మొత్తం ట్రిప్పు రాయకండి, అది డైరీ అవుతుంది. ఆ యాత్రలో లడ్డూ మీదకి కోతి వచ్చిన రెండు నిమిషాలు రాయండి.

రెండు జాగ్రత్తలు. ఒకటి, నీతి వద్దు. "అందుకే చెప్పులు లోపల పెట్టుకోవాలి" అని చివర్లో తగిలిస్తే పిల్లాడు ఇదేదో కథ వేషంలో ఉన్న తిట్టు అని కనిపెట్టేస్తాడు. పాలు తాగించడానికి, పళ్ళు తోమించడానికి కథలు రాసే అలవాటు నాకూ ఉండేది, ఒక్కటీ రెండోసారి చదివించుకోలేదు. రెండు, పిల్లాడు సిగ్గుపడిన సంగతి, పక్క తడిపిన సంగతి లాంటివి, వాడే నవ్వుతూ చెప్పుకుంటే తప్ప ముట్టుకోకండి. మనకి ముద్దుగా ఉన్నది వాడికి అవమానం కావచ్చు.

మా సంఘటన ఇది: అమ్మమ్మ ఊళ్ళో రాత్రి గుమ్మం ముందు విడిచిన రెండు చెప్పుల్లో పొద్దున్నకి ఒకటే మిగిలింది. పక్కింటి కుక్క ఎత్తుకెళ్ళి, ఇల్లు కట్టడానికి పోసిన ఇసుక కుప్పలో దాచింది. అంతే.

అక్షరాల లెక్క

ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, నేను కూడా చేశాను. మొదటి పుస్తకం నాకు నచ్చినట్టు రాసేశాను. మా వాడికి అప్పటికి గుణింతాలు వచ్చు, ఒత్తులు రావు. మొదటి వాక్యంలోనే "పొద్దున్నే నిద్రలేచి" అని ఉంది. రెండు మాటల్లో మూడు ఒత్తులు! వాడు పుస్తకం నా ఒళ్ళో పడేసి, "నువ్వే చదువు" అన్నాడు.

తెలుగులో ఒక సుఖం ఉంది. అక్షరం తెలిస్తే పలకడం తెలిసినట్టే, స్పెల్లింగుల బెడద లేదు. ఒక కష్టమూ ఉంది. అచ్చులు, హల్లులు వచ్చేశాయని సంబరపడేలోపు గుణింతాలు వందల్లో వస్తాయి, వాటి వెనకే ఒత్తులు. అందుకే మీ పిల్లాడు ఏ మెట్టు మీద ఉన్నాడో చూసుకుని మాటలు ఏరుకోవాలి.

ఇంకా అక్షరాలే రాని పిల్లలకి ఏ లెక్కా అక్కర్లేదు. చదివేది మీరే కాబట్టి ఎన్ని ఒత్తులైనా రాయండి. వాళ్ళు గుర్తుపట్టడానికి పేజీకి ఒక మాట పెద్దగా ఉంటే చాలు.

అక్షరాలు మాత్రమే వచ్చిన పిల్లలకి తలకట్టు మాటలు కావాలి: అల, వల, పలక, పడవ, గడప, ఉడత, ఊయల, ఆట, ఈక. వీటితో వాక్యాలు పెద్దగా రావు. వాక్యం కోసం తంటాలు పడకుండా బొమ్మ కింద ఒక మాట పెట్టి, కథ మీ నోటితో చెప్పండి. ఈ దశలో ఒకేలా కనిపించే అక్షరాలు పక్కపక్కన పడకుండా చూసుకుంటే మంచిది. వ, ప, ష ఒక గుంపు. మ, య ఇంకొకటి. డ, ద మరొకటి. "పడవ" అనే మూడక్షరాల మాటలోనే ప, వ రెండూ ఉన్నాయి చూడండి. మా వాడికి అది చాలా రోజులు "పడప".

గుణింతాలు వచ్చిన పిల్లలకి అసలైన కథ రాయొచ్చు. ఒత్తులు మొదలుపెట్టే పిల్లల కోసం నేను పెట్టుకున్న నియమం: పుస్తకానికి ఒక్కటే ఒత్తు. అదే పదిసార్లు, పాతికసార్లు రావాలి. వేరేది రాకూడదు.

ఏ ఒత్తుతో మొదలెట్టాలి? ప్ప, డ్డ, గ్గ, చ్చ లాంటి వాటిలో కింద ఉన్నది దాదాపు పై అక్షరమే, తలకట్టు తీసేసినట్టు ఉంటుంది. వీటిని పిల్లలు తొందరగా పోలుస్తారు. మ్మ, న్న, ల్ల, త్త, య్యలలో కింది గుర్తుకీ పై అక్షరానికీ పోలికే ఉండదు. తమాషా ఏమిటంటే ఇంట్లో మొదటి మాటలు అమ్మ, నాన్న రెండూ ఈ కష్టమైన గుంపువే. వాటికి మాత్రం మినహాయింపు ఇవ్వండి. ఆ రెంటినీ పిల్లలు అక్షరాలుగా కాదు, బొమ్మగా గుర్తుపెట్టుకుంటారు.

పేరు సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ఈ రోజుల్లో పేర్లు హర్షిత్, కృతిక్, యశస్విని, శ్రీజ్ఞ. పుస్తకంలో అన్నిటికంటే కష్టమైన మాట పిల్లాడి పేరే అయి కూర్చుంటుంది. బడి పేరు అట్ట మీద పెద్దగా రాసి, కథలో ముద్దు పేరు వాడండి. నాని, బేబీ, బాబు. "చిన్ని", "బుజ్జి" కూడా ముద్దుగానే ఉంటాయి, కానీ ఒకదాంట్లో న్న, ఇంకోదాంట్లో జ్జ ఉన్నాయని గుర్తుపెట్టుకోండి. ఇంట్లో నలుగురూ పిలిచేది ముద్దు పేరే కాబట్టి పిల్లాడికీ అదే తన పేరు.

రాయడం: ఒక పూర్తి నమూనా

మా కథలో పోయింది చెప్పు. అందులో ప్ప ఉంది. రాస్తూ ఉంటే ఒక అదృష్టం కలిసొచ్చింది: కాలికి వేసుకునే చెప్పు, నోటితో చెప్పే చెప్పు రెండూ ఒకటే మాట. కప్ప, కుప్ప, గొప్ప కూడా అదే కుటుంబం. పన్నెండు పేజీల కథ ఇలా వచ్చింది. ఒక్కో అంకె ఒక్కో పేజీ.

1. ఇది నాని చెప్పు. ఇది కూడా నాని చెప్పు. రెండు చెప్పులు!
2. ఉదయం. అరే! ఒకటే చెప్పు!
3. "కాకీ, నా చెప్పు ఏది? చెప్పు!" కాకి: "కా! కా! నాకు తెలీదు."
4. "మేకా, నా చెప్పు ఏది? చెప్పు!" మేక: "మే! మే! నాకు తెలీదు."
5. "కప్పా, నా చెప్పు ఏది? చెప్పు!" కప్ప: "బెక! బెక! నాకు తెలీదు."
6. "తాతా, నా చెప్పు ఏది? చెప్పు!" తాత కిందికి చూశాడు. "అరే! నా చెప్పు ఏది?"
7. "టామీ, మా చెప్పులు ఏవి? చెప్పు!"
8. టామీ చెప్పదు. టామీ తోక ఊపింది.
9. టామీ పరుగు. నాని పరుగు. తాత పరుగు.
10. ఇసుక కుప్ప!
11. కుప్పలో నాని చెప్పు. కుప్పలో తాత చెప్పు. కుప్పలో పాప చెప్పు!
12. టామీ గొప్ప దొంగ!

ప్ప తప్ప వేరే ఒత్తు లేదు, వెతికి చూడండి. అలా రాయడానికి కొన్ని మాటలు వదులుకోవాల్సి వచ్చింది. కుక్క అని రాయలేను (క్క), కాబట్టి దాని పేరే రాశాను. "పొద్దున్న" పోయి "ఉదయం" వచ్చింది, అది మా ఇంటి మాట కాదు, కొంచెం రాజీ పడ్డాను. "ఇసక" అనే మేం అంటాం, కానీ అప్పటికే బడి పుస్తకంలో "ఇసుక" చదివాడు కాబట్టి అలాగే ఉంచాను.

ఈ నమూనాని చూసి మీరు పట్టుకోవాల్సినవి మూడు. ఒకే వాక్యం తిరిగి తిరిగి రావడం మొదటిది: మూడో పేజీలో తడబడిన పిల్లాడు ఐదో పేజీకి గడగడా చదువుతాడు, ఎందుకంటే మారింది ఒక్క పిలుపే. ఆ వరస ఒకచోట తెగడం రెండోది. తాత "తెలీదు" అనకుండా తన కాళ్ళు చూసుకుంటాడు. అక్కడ పిల్లలు నవ్వుతారు, అక్కడే నిజంగా చదువుతున్నారో, పాట పాడేస్తున్నారో మీకు తెలిసిపోతుంది. మూడోది, కొంచెం కల్పన. జరిగింది జరిగినట్టే రాస్తే మూడు పేజీల్లో అయిపోతుంది. కాకినీ కప్పనీ నేను చేర్చాను. పాప చెప్పు కూడా అబద్ధమే, కానీ మా వాడు అది నిజమేనని ఇప్పుడు అందరికీ చెబుతుంటాడు.

రాశాక గట్టిగా చదవండి. మీ నోటికి ఎక్కడ అడ్డం తగిలితే పిల్లాడికీ అక్కడే తగులుతుంది.

బొమ్మలు

ఫొటోలా, గీసిన బొమ్మలా? నా ఓటు ఫొటోలకి కొంచెం తక్కువ. ఫొటోలో అన్నీ ఉంటాయి: వెనకాల సైకిలు, గోడ మీద క్యాలెండర్, అత్తయ్య చెయ్యి. పిల్లాడి కళ్ళు మాట మీద కాకుండా వాటి మీద తిరుగుతాయి. ఫొటోలే వాడాలంటే మనిషి చుట్టూ కత్తిరించి తెల్లకాగితం మీద అతికించండి. పిల్లాడి అసలు చెప్పుని కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీసుకుంటే అదే మొదటి పేజీ బొమ్మ. మేం అలాగే చేశాం.

అన్నిటికంటే మంచిది పిల్లాడి చేతే గీయించడం. కాకి గుండ్రంగా వచ్చినా, మేకకి ఆరు కాళ్ళు వచ్చినా దిద్దకండి. ఒక్కటే చూడండి, బొమ్మ పైన, అక్షరాలు కింద, రెండూ కలవకూడదు. రంగు రంగుల బొమ్మ మీద అక్షరాలు పరిస్తే పెద్దవాళ్ళకే కళ్ళు లాగుతాయి.

కృత్రిమ మేధ యాప్‌లతో బొమ్మలు వేయించుకోవచ్చు కదా అని అడుగుతారు. వేయించుకోవచ్చు, అయితే నాని మొహం ఒక పేజీలో ఒకలా, ఇంకో పేజీలో ఇంకోలా రావచ్చు, పిల్లలు వెంటనే పట్టేస్తారు. బొమ్మలో తెలుగు అక్షరాలు వేయమంటే ఒక్కోసారి అక్షరాలు కాని అక్షరాలు వస్తాయి. బొమ్మ మటుకు తీసుకుని అక్షరాలు మీరే వేసుకోండి. పిల్లాడి ఫొటో మాత్రం ఎక్కించకండి. "కాకి, మేక, ఇసుక కుప్ప" అని మాటల్లో అడిగితే చాలు.

పుస్తకం కట్టడం

చేత్తో రాస్తే చాలా మంచిది. గుండ్రంగా, విడివిడిగా, మాటకీ మాటకీ మధ్య వేలు పట్టేంత ఖాళీ వదిలి రాయండి. నల్ల స్కెచ్ పెన్ను వాడండి, పసుపు, లేత గులాబీ వద్దు.

కంప్యూటర్‌లో చేసుకునేవాళ్ళకి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లు చాలానే ఉన్నాయి. చదువు నేర్చుకునే పిల్లలకి నోటో సాన్స్ తెలుగు లేదా మండలి లాంటి సాదా ఫాంటు పెట్టండి. వంకర్లు తిరిగిన ముచ్చటైన ఫాంట్లు అట్టకి బాగుంటాయి, లోపల వద్దు. అక్షరం 28 నుంచి 32 పాయింట్లు. వరసకీ వరసకీ మధ్య ఒకటిన్నర రెట్లయినా ఖాళీ ఉండాలి. ఇంగ్లిష్‌కి సరిపోయే ఖాళీ తెలుగుకి చాలదు, పై వరస ఒత్తులు కింది వరస గుడుల్ని, తలకట్లని గుద్దుకుంటాయి. ఇంకోమాట, వరస చివర మాటని విరవకండి.

జిరాక్స్ షాపుకి వర్డ్ ఫైలు తీసుకెళ్ళకండి, పీడీఎఫ్ చేసి తీసుకెళ్ళండి. నేను ఒకసారి వర్డ్ ఫైలే పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళాను. షాపులో ప్రింట్ తీస్తే ఒత్తులన్నీ విడిపోయి "చెప్పు" కాస్తా "చెప్‌పు" అయింది. ఏ ఒత్తు కోసం అంత తపస్సు చేశానో అదే ఊడిపోయింది! షాపు అబ్బాయి "ఏముంది మేడం, చదవడానికి వస్తోంది కదా" అన్నాడు.

కొలత చూద్దాం. నాలుగు ఎ4 కాగితాలు మధ్యకి మడిస్తే 16 పేజీలు. ఒకటి ముందు అట్ట, 16 వెనక అట్ట, మధ్యలో 3 నుంచి 14 దాకా 12 పేజీల కథ. 2వ పేజీ "ఈ పుస్తకం ... ది" అని పేరు రాసుకోవడానికి. 15 ఖాళీ. చేత్తో చేసేటప్పుడు ముందు మడిచి, పెన్సిల్‌తో మూలల్లో పేజీ అంకెలు వేసుకుని, తర్వాత రాస్తే గందరగోళం ఉండదు. ప్రింట్ తీసేటప్పుడు ఒకే కాగితం మీద పక్కపక్కన పడే పేజీలు ఇవి:

మొదటి కాగితం: ఒకవైపు 16, 1, రెండో వైపు 2, 15.
రెండో కాగితం: 14, 3; వెనక 4, 13.
మూడోది: 12, 5, వెనక 6, 11.
నాలుగోది: 10, 7, వెనక 8, 9.

ఇది బుర్రకెక్కకపోతే అడోబ్ రీడర్‌లో ప్రింట్ నొక్కాక బుక్‌లెట్ అనే ఆప్షన్ ఉంటుంది, పేజీల వరస అదే చూసుకుంటుంది. కాగితం రెండువైపులా ప్రింట్ అయ్యేటప్పుడు పొట్టి అంచు వైపు తిప్పమని చెప్పాలి, లేకపోతే వెనక పేజీ తలకిందులుగా వస్తుంది. మొదటి కాగితం మటుకు దళసరిది తీసుకోండి, అదే అట్ట కదా.

మామూలు స్టేప్లర్ మడత దాకా అందదు. పొడుగు చెయ్యి స్టేప్లర్ చాలా జిరాక్స్ షాపుల్లో ఉంటుంది. నాకు మాత్రం దారంతో కుట్టడం ఇష్టం, పిన్ను చిన్న వేళ్ళకి గుచ్చుకుంటుంది. మడత మీద మధ్యలో ఒకటి, పైనా కిందా ఒక్కోటి, మూడు రంధ్రాలు దబ్బనంతో పొడవండి. మందపాటి నూలు దారంతో లోపలి నుంచి మధ్య రంధ్రంలోంచి బయటికి తీసి, పై రంధ్రంలోంచి లోపలికి రండి. లోపల మధ్య రంధ్రాన్ని వదిలేసి కింది రంధ్రంలోంచి బయటికి వెళ్ళి, మళ్ళీ మధ్య రంధ్రంలోంచి లోపలికి వచ్చి, లోపలున్న పొడుగు కుట్టుకి అటో కొస ఇటో కొస వచ్చేలా ముడేయండి. పది నిమిషాల పని. పిల్లాడిని పక్కన కూర్చోబెట్టుకుని కుట్టండి. పుస్తకం అనేది మనుషులు తయారుచేసే వస్తువని వాడు చూడాలి.

చదివించడం

మొదటిసారి మీరు చదవండి. వేలు మాట కింద జరుపుతూ, అక్షరం అక్షరం కాకుండా మాటలుగా. కాకికి కాకి గొంతు, కప్పకి కప్ప గొంతు పెట్టండి, సిగ్గుపడకండి. రెండోసారి "కా! కా!" దగ్గర ఆగండి, వాడు అందుకుంటాడు. మూడోసారికి "నాకు తెలీదు" కూడా వాడిదే.

నాలుగైదు రోజుల్లో పుస్తకం మొత్తం కంఠతా వచ్చేస్తుంది. అప్పుడు చాలామంది తల్లిదండ్రులకి టెన్షన్ మొదలవుతుంది: "వీడు చదవట్లేదండీ, అప్పజెప్పేస్తున్నాడు." అప్పజెప్పనివ్వండి. నోటికొచ్చిన మాటకీ వేలు కింద ఉన్న మాటకీ లంకె కుదరడం చదువులో ఒక మెట్టు. వాడి వేలు చూడండి. నోరు "కప్పా" అంటున్నప్పుడు వేలు "కప్పా" మీద ఉంటే పని జరుగుతున్నట్టే. వేలు ముందుకెళ్ళిపోతే మీరు ఏమీ అనక్కర్లేదు, వాక్యం అయిపోయాక ఇంకా మాటలు మిగిలి ఉండటం చూసి వాడే వెనక్కొస్తాడు.

తర్వాత ఆటలు. చిన్న అట్టముక్కల మీద చెప్పు, కప్ప, కుప్ప, గొప్ప అని రాసి కలిపి, పుస్తకంలో వెతికించండి. ఆపైన పుస్తకంలో లేనివి కలపండి: పప్పు, ఉప్పు, నిప్పు, కప్పు. కొత్త మాట "ఉప్పు"ని వాడు సొంతంగా చదివిన క్షణం ఆ ఒత్తు వచ్చేసినట్టు. వంటింట్లో డబ్బా మీద "ఉప్పు" చీటీ అతికించి తెమ్మనండి. "చెప్పు" కార్డు రెండు కాపీలు చేసి, ఒకటి కాళ్ళ దగ్గర పెట్టాలా, నోటి దగ్గర పెట్టాలా అని ఆడుకోవచ్చు. మా ఇంట్లో ఇది నెల రోజులు నడిచింది.

చేయకూడనిది ఒక్కటే. చుట్టాల ముందు "చదివి వినిపించు" అని నిలబెట్టకండి. వాడంతట వాడు తెచ్చి చూపిస్తే వేరే సంగతి.

రెండో పుస్తకం నుంచి

రెండో పుస్తకం తొందరగా వేయండి, కానీ అందులో హీరో మళ్ళీ వాడే కానక్కర్లేదు. తమ పేరూ బొమ్మా ఉన్న పుస్తకాలు చదివేటప్పుడు పిల్లలు తమ గురించి తాము ఎక్కువగా మాట్లాడతారని, మాటలు బాగా నేర్చుకుంటారని నటాలియా కుచిర్కోవా బృందం 2014లో అచ్చయిన పరిశోధనల్లో చెప్పింది. తమ గురించి మాట్లాడటం మంచిదే, కానీ ఎప్పుడూ నేనే అయితే బోరు. రెండోదాంట్లో టామీ కథ రాయండి, నాని పక్కన ఉంటాడు. మూడోదాంట్లో తాత చిన్నప్పటి సంగతి, నాని ఉండనే ఉండడు. అలా మెల్లగా ఊరివాళ్ళ కథలు, లోకం కథలు దగ్గరకొస్తాయి.

ఆ దారిలో ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ బాగా పనికొస్తుంది. 2015లో మొదలైన ఈ ఆన్‌లైన్ వేదికలో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి, కష్టాన్ని బట్టి నాలుగు స్థాయిలుగా విడదీశారు. రాసినవాళ్ళ, బొమ్మలు వేసినవాళ్ళ పేర్లు చెప్పి, అక్కడి కథల్ని మార్చుకోవచ్చు, ప్రింట్ తీసుకోవచ్చు. బొమ్మలు రానివాళ్ళు అక్కడి బొమ్మలతో సొంత కథ అల్లుకోవచ్చు.

విదేశాల్లో పెరిగే పిల్లలది వేరే లెక్క. చాలామందికి తెలుగు అర్థమవుతుంది, చదవడం రాదు. మనబడి లాంటి తెలుగు తరగతులకి వారానికోసారి వెళ్ళినా, మిగతా ఆరు రోజులూ తెలుగు అక్షరం కంటపడదు. వాళ్ళ కథలో మామిడి తోట, ఎడ్లబండి బలవంతంగా పెట్టకండి. మంచులో చేతితొడుగు పోయిన కథ తెలుగులో రాయండి. అమ్మమ్మ వీడియో కాల్‌లో "నా కళ్ళజోడు ఏది?" అని అడిగిన కథ రాసి, ఒక కాపీ అమ్మమ్మకి పంపండి. ఫోన్‌లో ఒక పేజీ ఆవిడ, ఒక పేజీ పిల్ల చదువుకుంటారు. మీ అక్క కూతురు అమెరికాలో ఉంటే, ఆ అమ్మాయికి పుట్టినరోజు కానుకగా ఇలాంటిది ఒకటి పోస్టు చేసి చూడండి.

మూడు నాలుగు పుస్తకాలయ్యాక పెన్ను మీ చేతిలో, మాట వాడి నోట్లో ఉంటుంది. వాడు చెప్తుంటే అన్నది అన్నట్టు రాయండి. "నాన్న చపాతీ మాడ్చేశాడు, అమ్మ చూళ్ళేదు, మేం కుక్కకి పెట్టేశాం" అని చెప్తే అలాగే రాయాలి, ఇంటి పరువు ఏమైనా సరే. ఒత్తుల లెక్క ఇక్కడ వదిలేయొచ్చు. తన నోటి నుంచి వచ్చిన వాక్యాన్ని పిల్లలు ఎన్ని ఒత్తులున్నా లాక్కుని చదువుతారు.

15వ పేజీ ఖాళీగా వదిలాం కదా. అందులో తేదీ వేసి, ఆ రోజు పిల్లాడు ఎక్కడ నవ్వాడో, ఏ మాట తప్పు చదివాడో ఒక వరసలో రాసి పెట్టండి. మా చెప్పు పుస్తకంలో ఆ పేజీ మీద నా రాత కింద, ఏడాది తర్వాత మా వాడు పెన్సిల్‌తో ఒక వాక్యం రాసుకున్నాడు: "టామీ మలి చెప్పు తీసుకెలింది."

ళ్ళ ఇంకా రాలేదు. తర్వాతి పుస్తకం పెళ్ళి మీద.